నల్లపెట్ట పిల్లలు

అనిల్‌కుమార్ బండి ఆపాడు కానీ దిగలేదు. ఒక కాలు నేలమీద ఆనించి, "బాలీ, మా నల్లపెట్ట ఏదీ?" అని అడిగాడు.

బాలి వాకిట్లో కందులు చెరుగుతోంది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే కాస్త తెరిపి ఇచ్చింది. కంచె పక్కన ఎండ పడిన చోట నల్లపెట్ట రెక్కలు వదులు చేసుకుని కూర్చుంది. దాని కింద పదకొండు పిల్లలున్నాయి. రెండు తలలు, ఒక తోక తప్ప బయటికి ఏమీ కనిపించడం లేదు.

"ఆడనే ఉన్నది గద బాబూ," అంది బాలి చేట ఆపకుండా.

"పట్టివ్వు. తీసుకెళ్లాలి."

చేట ఆగింది. "ఎందుకు?"

"వచ్చే ఆదివారం ముత్యాలమ్మ పండగ. పోయినేడు మా బుడ్డోడికి జ్వరమొచ్చినప్పుడు అమ్మ ఈ పెట్టనే మొక్కిందంట. మొక్కిన కోడిని ముందునుంచి ఇంట్లో కట్టేసి పసుపు రాయాలంట. నాకేం తెలీదు, తెమ్మంది, వచ్చా."

"మొక్కిన కోడిని పాలుకెట్ల ఇచ్చిండ్రు బాబూ?"

"మర్చిపోయింది. నిన్న పండగ మాట వస్తే గుర్తొచ్చిందంట."

పాలుకు తెచ్చుకున్న కోడి అది. కోడి అనిల్‌కుమార్ తల్లి భారతమ్మది. పొదగేసిన పదమూడు గుడ్లూ ఆమెవే. పొదిగించడం, మేపడం, గద్ద నుంచీ ముంగిస నుంచీ కాయడం బాలి వంతు. తల్లికోడి తనంతట తాను పిల్లల్ని పొడిచి విడగొట్టిన నాడు పిల్లలు చెరిసగం, కోడి తిరిగి తన ఇంటికి. ఊరికీ తండాకూ మధ్య ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, తప్పిన వాళ్లను మాత్రం బాలి చూడలేదు.

"పిల్లలింక రెక్క కింద దూరేటియి బాబూ. వారం సుత కాలే. ఈకలు రాలే. వీటినేం జెయ్యాలె?"

"కోడిపిల్లలే కదా. గంప కింద వెయ్యి. వ్యానులో రంగుల పిల్లల్ని అమ్ముకుంటూ పోతారు చూడు, వాటికి తల్లులున్నాయా?"

"అయి ఎన్ని బతుకుతున్నయి?"

 అతను బండి స్టాండు వేసి తనే కోడి దగ్గరికి వెళ్లాడు. పొదుగు మీద నుంచి లేచిన కోడికి పరుగు తక్కువ, పౌరుషం ఎక్కువ. అది మెడ ఈకలు లేపి అతని చేతిమీద ఒక్క పోటు పొడిచింది. అతను తిట్టుకుంటూ రెండు కాళ్లూ కలిపి పట్టుకుని తలకిందులుగా ఎత్తాడు. పిల్లలు వాకిలంతా చెదిరిపోయాయి.

బాలికి ఎవరినీ సాగనంపడం చేతకాదు. కన్నకూతురు అత్తారింటికి పోయే ఆటో ఎక్కుతున్నప్పుడు కూడా ఇంటి వెనక బాన తోముతూ నిలబడింది. ఇప్పుడు మాత్రం వెనక్కి పోవడానికి లేదు. ఒక పిల్ల బండి చక్రం కిందికి దూరింది. "ఆగు బాబూ, ఆగు," అని ఆమె మోకాళ్లమీద వంగి దాన్ని తీసేదాకా అతను బండి స్టార్ట్ చేసి ఎదురుచూశాడు. హ్యాండిల్‌కు వేలాడుతూ నల్లపెట్ట అరిచిన అరుపు పత్తిచేల మలుపు దాకా వినిపించింది.

పదకొండింటినీ ఏరి కొంగులో వేసుకునేసరికి బాలికి ఆయాసం వచ్చింది. కొంగులో అవి ఒక్కటే గోల. పొట్టకు ఆనించుకుంటే కాస్త తగ్గాయి. అలా ఆనించుకుని ఎంతసేపు నిలబడగలదు?

మొన్న ఎండాకాలం తెగులొచ్చి బాలి సొంత కోళ్లన్నీ మెడలు వాల్చేశాయి. ఒక్కటి మిగల్లేదు. అందుకే ఈ వయసులో భారతమ్మ గడప ముందు నిలబడి కోడిని పాలుకు అడిగింది. తన సగంలో రెండు పెట్టలు నిలబడితే చాలు, మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదని ఆమె లెక్క. పొదుగుతున్నన్నాళ్లూ ఆ లెక్కతోనే గంప ఎత్తి చూసుకునేది.

ఆమె మొగుడు రాందాస్ తోట నుంచి వచ్చి విషయం విన్నాడు. చేతులు కడుక్కుంటూ, "ఆ పిల్లల్ని గూడ తీస్కపోయి ఇచ్చిరా. మనకెందుకు లొల్లి," అన్నాడు.

"ఎందుకియ్యాలె?"

"మన కూలి వాళ్ల మిరపతోటల ఉన్నది. రేపు నారు పెట్టుడు మొదలైతది. కోడిపిల్ల కాడ పంచాదా?"

"నేను పంచాదన్ననా? సాదుకుంట అంటున్న."

"తల్లి లేకుంట?"

"అవ్. తల్లి లేకుంటనే."

రాందాస్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆమెను చూశాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ 'అవ్' ఎప్పుడు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. 

ఇంట్లో పెట్టే వీలు లేదు. కోడలు హేమలతకు ఆయాసం జబ్బు. అంగన్‌వాడీలో టీచరు. చాక్‌పీసు పొడి పడితేనే సాయంత్రానికి గొంతు బిగుసుకుపోతుంది. అయినా అత్తను తండా మాటలో అమ్మా అని పిలుస్తూ తనే అంది, "యాడీ, ఒక్క రాత్రి లోపల పెడదాం, వాన పట్టింది గద." అట్టపెట్టె కూడా తనే తెచ్చింది. పాత పేపర్లు పరిచారు, పైన గోనెసంచి కప్పారు. అన్నం తినేలోపే హేమలత దగ్గు మొదలైంది. ఇంకొంచెం సేపటికి తలుపు పట్టుకుని నిలబడి, నోట్లో పంపు కొట్టుకుంటోంది. పిల్లల మీది నూగు కనిపించనంత సన్నది, గాలిలో తేలుతుంది. బాలి పెట్టె ఎత్తుకుని బయట స్నానాలగది పంచకు తెచ్చి పెట్టింది. కోడలు వెనకనుంచి, "ఏమనుకోకు యాడీ," అంటుంటే, "నీ ఊపిరి కంటె ఎక్కువనా? పోయి పండుకో," అని కసిరింది.

తెల్లవారి గోనె తీస్తే పిల్లలన్నీ పెట్టె ఒక మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. విడదీసి చూస్తే అడుగున రెండు పల్చగా అణిగిపోయి ఉన్నాయి. కాళ్లు చాపుకుని, ముక్కులు తెరుచుకుని.

బాలి వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. చలికి వెచ్చన వెతుక్కుంటూ మూలకు పోయాయి. ముందు పోయిన దానికి వెనక పోయింది గోడైంది. తల్లి కింద మూల ఉండదు. ఎటునుంచి దూరినా గుండ్రమే.

"మూల లేనిది గావాలె," అంది పైకే.

పక్కింటి మంగ్లి బిందెతో నీళ్లకు పోతూ ఆగింది. "ఎవరితోటి మాట్లాడుతున్నవ్ బాలక్కా?"

"మూల లేని ఇల్లు ఏమున్నదే నీకు తెలిసి?"

"మా ఆయన బుర్ర. ఎటు కొట్టినా ఒక్కటే సప్పుడు," అని మంగ్లి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. బాలి నవ్వలేదు కానీ, ఇంటి వెనకవైపు చూసింది. మరుగుదొడ్డి గుంటకు తెచ్చిన సిమెంటు రింగుల్లో ఒకటి మిగిలి అక్కడ పిచ్చిమొక్కల్లో పడి ఉంది. అడుగెత్తున, చేతులు బార్లా చాపితే అందేటంత వెడల్పున. అంచు ఒకచోట పగిలిందని మేస్త్రీ పక్కన పడేశాడు.

దాన్ని ఒక్కర్తే లేపలేకపోయింది. రాందాస్ నారుకు పోవడానికి చెప్పులేసుకుంటున్నాడు. అతను ఆమె వైపు చూశాడు, రింగు వైపు చూశాడు, చెప్పులు విడిచాడు. ఇద్దరూ కలిసి దాన్ని నిలబెట్టి, బండి చక్రంలా దొర్లించుకుంటూ వాకిట్లో కాస్త ఎత్తున్న చోటికి తెచ్చారు. దారిలో అది ఒకసారి రాందాస్ కాలివైపు ఒరిగింది.

"కోడిపిల్లల కోసం కాళ్లిరగ్గొట్టుకుంటే రేపు నిన్నెవరు సాదుతరు?"

"నువ్వు బతుకుండగా నాకేం రంది. వట్టు, వట్టు, ఎత్తు."

రింగు పడుకోబెట్టాక అతను పనికి పోయాడు. బాలి లోపల ముందు ఇసుక పోసింది. దాని మీద పొయ్యిలోని చల్లారిన బూడిద, ఆ పైన అటక మీద నుంచి తీసిన పొడి ఊక బెత్తెడు మందాన. ఊకను గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ముక్కిన వాసన వస్తే పిల్లలకు రొంప పడుతుందని తెలుసు. పైన పేపరు పరిచింది, తిండి అనుకుని ఊకను మింగకుండా. రింగు చుట్టూ పారతో జానెడు లోతు కాలువ తీసి, నీళ్లు కంచె బయటికి పోయేలా వాలు ఇచ్చింది. పైకప్పుకు పాత రేకు. అంచుమీద ఇటుకలు పెట్టి వాటిపై రేకును వాల్చింది. గాలి ఆడుతుంది, జల్లు లోపల పడదు. రేకు లేవకుండా రోలు ఎత్తి పెట్టింది. ఇటుకల సందులకు పాత వల చుట్టింది. అడవి దగ్గర, జంగపిల్లి ఎప్పుడొస్తుందో చెప్పలేం.

అన్నీ చేశాక అసలుది మిగిలింది. వేడి.

మధ్యాహ్నం రాందాస్ వైరు, హోల్డరు, బల్బు తెచ్చాడు. తనకు తానే తెచ్చాడు, ఎవరూ అడగలేదు. రేకు కింద వేలాడదీసి స్విచ్చి వేస్తే రింగు లోపల పట్టపగల్లా వెలిగింది. మరోసారి నీళ్లకు పోయి వస్తున్న మంగ్లి, "ఏందే, పెండ్లిపందిరేసినవా? డీజే గూడ పెట్టు," అంది.

వెలుగులో పిల్లలు కళ్లు చికిలించాయి. అరుపు ఆపలేదు. సాయంత్రానికి మళ్లీ దగ్గర దగ్గరగా చేరి మెడలు లోపలికి లాక్కున్నాయి. బాలి చెయ్యి పెట్టి బల్బును పట్టుకుంది. అది గాజు గ్లాసులా చల్లగా ఉంది.

"ఇదేం బల్బయ్యా, కాలుతలేదు?"

"కొత్తవి గట్లనే ఉంటయట. కరెంటు తక్కువ తింటయి," అన్నాడు రాందాస్.

"తక్కువ తినెటిది ఏం పని జేస్తది? పాతది లేదా, ఎర్రగా మండేటిది?"

"దుకాణపాయన నవ్విండు. ములకలపల్లిల సుత దొరకదట."

బల్బు ఉంచింది, పిల్లలకు తిండి కనిపిస్తుందని. వేడికి ఆమె పాత దారే పట్టింది. పగిలిన కుండ అడుగున ఊక పోసి నిప్పు వేసి, రింగు మధ్యలో పెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చింది. ఊక కుములుతుంది, నెమ్మదిగా పొద్దుదాకా వస్తుంది అనుకుంది. కాసేపటికి రేకు కింద పొగ కమ్మింది. పిల్లలు తుమ్మడం మొదలుపెట్టాయి. చిన్న చిన్న తుమ్ములు, తలలు విదిలించుకుంటూ. బాలికి కోడలు తలుపు పట్టుకుని నిలబడ్డది గుర్తొచ్చింది. చేయి కాలుతున్నా కుండను అలాగే ఎత్తి బయట పడేసింది.

మళ్లీ మొదటినుంచి. పొయ్యిలో తునికి కట్టెలు పెట్టి నిప్పులు చేసింది. ఎర్రటి నిప్పు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా, పొగ అన్నది లేకుండా పోయేదాకా బయటే ఉంచింది. అప్పుడు కుండలో వేసి, పైన చిల్లుల మూకుడు బోర్లించి, ఇటుకల మధ్య దించింది. ఈసారి పొగ రాలేదు. పిల్లలు ఒక్కొక్కటే ఇటుకల దగ్గరికి వచ్చాయి. ఒకటి కాళ్లు చాపి పడుకుంది. దాన్ని చూసి చచ్చిందేమోనని బాలి వేలితో కదిపింది. అది విసుక్కున్నట్టు కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది.

అప్పటినుంచి ఆమెకు పిల్లల్ని చూసి నిప్పు సంగతి తెలిసేది. ముద్దగా చేరితే చలి. నిప్పులు పెంచాలి. గోడలకు అంటుకుని నోళ్లు తెరుచుకుంటే ఉబ్బ. మూకుడు జరపాలి. ఇటుకల చుట్టూ గంపెడు దూరంలో చెదిరి, తింటూ పడుకుంటూ ఉంటే సరిపోయినట్టు. నిప్పుల కుండ ఆరిపోయే లోపల పొయ్యిలో ఇంకో కుండెడు నిప్పులు తయారుగా ఉండాలి. మంచం రింగు పక్కనే వేసుకుంది. మంచం మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని పడుకుంటే వాన దాని మీద టపటపమని కొట్టేది. రేకు చప్పుడైతే లేచేది, కాకపోయినా లేచేది. ఆమె భయం ఎప్పుడూ అంతే. ఎవరైనా బస్సెక్కితే ఆ బస్సు చేరిందన్న ఫోను వచ్చేదాకా చేతిలో ముద్ద నోటికి పోదు.

వేడి దొరికింది కానీ అరుపు పోలేదు. కడుపు నిండినా, వెచ్చగా ఉన్నా, చీకటి పడే వేళకు పిల్లలు గోడ వెంట తిరుగుతూ అరుస్తాయి. దేన్నో వెతుకుతున్నట్టు ఇటుకల సందుల్లో తలలు పెడతాయి. బాలి చేయి లోపల పెడితే వేళ్ల మధ్య దూరతాయి. నెత్తిమీద ఏదో ఒకటి తగలాలి వాటికి. వెచ్చన ఒక్కటే కాదు, కప్పు కావాలి.

మర్నాడు ఆమె ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున ఆమె పెళ్లినాటి ఫేటియా ఉంది, అద్దాలు కుట్టిన ఎర్ర లంగా. చీరలకు అలవాటు పడ్డాక మళ్లీ కట్టింది లేదు. నడుము పట్టీ దగ్గర చెదలు తినేసింది. హేమలత చూసి, "యాడీ, దాన్ని చింపుతవా? మ్యూజియంల పెట్టేటిది," అంది.

"మ్యూజియానికి చలి పెడుతుందా?"

"నవ్వులాట కాదు. నేను దాసుకుంట ఇయ్యి."

 బాలి లంగా అంచున అద్దాలున్న పట్టీని విప్పి కోడలి చేతిలో పెట్టింది. "మెరిసేటియి పిల్లలు పొడుచుకుంటయి. గివి నువ్వు ఉంచుకో." మిగిలిన గుడ్డను వేలెడు వెడల్పు పీలికలుగా చింపింది. పాత వెదురుగంప అడుగున ఆ పీలికలన్నీ దగ్గర దగ్గరగా ముడివేసి, గంపను మూడు ఇటుకల మీద బోర్లించింది, నిప్పుకు అందనంత దూరంలో, సెగ తగిలేంత దగ్గరలో. పీలికలు ఊకకు కాస్త పైదాకా వేలాడాయి.

ముందు అవి భయపడ్డాయి. అన్నిటికన్నా చిన్నది, మెడమీద పసుపు మచ్చ ఉన్నది, ఒక పీలికను ముక్కుతో లాగి చూసింది. తర్వాత తల దూర్చింది. ఒళ్లంతా దూర్చింది. మిగిలినవి దాని వెనక. చీకటి పడేసరికి రింగులో ఒక్క పిల్ల కనిపించలేదు. గంప కిందినుంచి సన్నగా, నిద్రపోయే ముందు చేసే చప్పుడు వస్తోంది. తల్లి కింద ఉన్నప్పుడు చేసే చప్పుడే. బాలి మంచం మీద కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని, అది ఆగిపోయేదాకా విన్నది.

ఆదివారం ఊళ్లో డప్పులు మోగాయి. తండా నుంచి కూడా చాలామంది పోయారు. బాలి పోలేదు. ఆ రోజు మబ్బు కమ్ముకుని, పడమటినుంచి గాలివాన వచ్చింది. రోలు పెట్టినా రేకు ఒక మూల లేచి టపాటపా కొట్టుకుంది. బాలి రేకు మీదికి వంగి, రెండు చేతులా అదిమి పట్టుకుని నిలబడింది. జల్లు వీపున కొడుతోంది. కాలువ నిండింది, పొర్లలేదు. హేమలత గొడుగుతో పరిగెత్తుకొచ్చి అత్త మీద పట్టింది. గొడుగు వెనక్కి విరుచుకుపోయింది. ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు.

"నువ్వు లోపలికి పో, తడిస్తే మల్ల ఆయాసమొస్తది."

"నువ్వొస్తేనే పోత."

"నేను రాను."

"అయితే నేను గూడ పోను."

వాన తగ్గాక చూస్తే గంప కింద ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది నీళ్లగిన్నె దగ్గర తడిసి పడి ఉంది. తుడిచి, కొంగులో చుట్టి, బెల్లంనీళ్లు చుక్క చుక్కగా ముక్కు పక్కన పెట్టింది. అది రెండు చుక్కలు మింగి, ఆమె చేతిలోనే మెడ వాల్చింది. బాలి దాన్ని జామచెట్టు కింద పాతింది. ఏడవలేదు. నిప్పులకు టైమైంది.

ఆ తర్వాత ఎండలు కాశాయి. పిల్లల రెక్కలకు ఈకలొచ్చాయి. తోకలు మొలిచాయి. పోట్లాడుకోవడం మొదలుపెట్టాయి. పగటిపూట నిప్పుల కుండ అవసరం తగ్గింది. బాలి రేకు తీసి పక్కన పెట్టి వల మాత్రం కప్పి ఉంచుతోంది.

అలాంటి ఒక ఉదయం భారతమ్మ తనే వచ్చింది. ఆటో దిగి, చంకలో గంపతో, చీరె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బురద తప్పించుకుంటూ. గంపలో నల్లపెట్ట ఉంది. రాందాస్ ఆ రోజు పనికి పోలేదు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏమే బాలీ, నీ కోడిని నీకు తెచ్చాను," అంది భారతమ్మ మంచం అంచున కూర్చుని.

"అమ్మోరికి ఇయ్యలేదా అమ్మా?"

"ఎక్కడ? కోసే ముసలాయన చేతిలోకి తీసుకుని రొమ్ము కింద తడిమాడు. పొదుగుతున్నప్పుడు ఊడిన ఈకలు ఇంకా మొలవలేదు, ఉత్త చర్మం. 'పిల్లలకోడిని తెచ్చారేంటమ్మా, ఈ పాపం నేను కట్టుకోను, అమ్మవారూ పట్టదు' అన్నాడు. అంతమందిలో తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు ఎక్కడిదో పుంజును తెప్పించి ఇచ్చాం." భారతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మొక్కిందీ నేనే, పాలుకిచ్చిందీ నేనే. నా మతిమరుపు తగలెయ్య. అప్పటినుంచి మనసులో మనసు లేదు. తల్లీపిల్లల్ని విడదీసిన ఉసురు మంచిది కాదు. అందుకే తెచ్చేశా. ఉన్నాయా పిల్లలు?"

"ఎనిమిదున్నయి."

"అమ్మయ్య. ఇంకేం, కలిపేద్దాం."

బాలి వద్దనలేదు. ఆమెకూ చూడాలనే ఉంది. ఆ అరుపు, మలుపు దాకా వినిపించిన అరుపు ఆమె చెవిలో ఇంకా ఉంది. వల తీసింది. భారతమ్మ గంప వంచి కోడిని రింగులోకి వదిలింది.

నల్లపెట్ట ఊకలో దిగి ఒళ్లు దులుపుకుంది. పిల్లలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత పసుపు మచ్చది, ఎప్పుడూ ముందుండేది, కోడివైపు నాలుగడుగులు వేసింది. మెడ చాపింది. కోడి దాన్ని ఒక కంటితో చూసింది. తల పక్కకు తిప్పి రెండో కంటితో చూసింది. అప్పుడు నెత్తిమీద పొడిచింది. ఒక్కటి కాదు, రెండు మూడు పోట్లు. నూగు ఎగిరింది. పిల్ల కీచుమని వెనక్కి పడింది.

"ఓసి నీ! నీ పిల్లే కదే అది!" అని భారతమ్మ లేచింది.

కోడి వినలేదు. తిండి గిన్నె దగ్గరికి పోయి, అడ్డొచ్చిన ఇంకో పిల్లను పొడిచి తరిమి, నూకలు తినసాగింది. ఎనిమిది పిల్లలూ పరుగున వెదురుగంప కింద దూరాయి. ఎర్ర పీలికలు కాసేపు ఊగి ఆగాయి.

బాలి వంగి నల్లపెట్టను రెక్కలు అదిమి పట్టుకుని బయటికి తీసింది. అది పెనుగులాడలేదు. మంచి బరువు మీదుంది, బాగానే మేపినట్టున్నారు. దాని తప్పేం లేదు. కట్టేసిన చోట అది ఎన్నాళ్లు అరిచి ఉంటుంది? ఎప్పుడు మానేసి ఉంటుంది? బాలి దాని మెడ నిమిరి, గంపలో పెట్టి, భారతమ్మ కాళ్ల దగ్గర ఉంచింది.

భారతమ్మ మళ్లీ మంచం అంచున కూర్చుంది. "సరే, అయిందేదో అయింది. మరి ఇవి ఎలాగ? ఎనిమిదిలో నాలుగు..." అంది. అంటున్నప్పుడు ఆమె గొంతులో పట్టు లేదు, అలవాటు ఉంది.

రాందాస్ బాలి వైపు చూశాడు. ఇచ్చెయ్యి అన్నట్టు కళ్లతోనే అన్నాడు.

"పాలు కోడితోటి ఉంటదమ్మా," అంది బాలి. "కోడి విడగొట్టినంక పంచుకునుడు. కోడి విడగొట్టలే. మీరు విడగొట్టిండ్రు."

"అయితే గుడ్లు మావి కావంటే?"

"మీయే. నేను కాదంటున్ననా? గుడ్లు మీరిచ్చిండ్రు, గుడ్లే ఇస్త. ఎన్ని పొదగేసిన్నో అన్ని. వీట్ల పెట్టలు గుడ్డుకొచ్చినంక నేనే తెచ్చి మీ ఇంట్ల పెడత. పిల్లలు మాత్రం నాయి."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. రింగు అంచున రెండు చేతులూ ఆనించి, పిల్లల వైపు చూస్తూ అంది. 

"ఎంత మాటన్నావే!" అంది భారతమ్మ. కానీ లేవలేదు. రింగును చూసింది, కాలువను చూసింది, ఇటుకల మధ్య కుండను చూసింది. బాలి అరచేతి మీద మానుతున్న బొబ్బను కూడా చూసింది. "పోనీ కోడిని ఉంచుకో. పాలుకు కాదు, ఊరికే. గుడ్డుకు రాబోతోంది. నీకూ ఒక పెట్ట ఉంటుంది."

రాందాస్ ఒక అడుగు ముందుకు వేశాడు. గుడ్డుకు రాబోయే పెట్ట. ఊరికే. పొదుగుతున్నన్నాళ్లూ బాలి కోరుకున్నది అదే.

"వద్దమ్మా," అంది బాలి. "ఊరికె వచ్చింది, మీకు ఇంకోటేదో గుర్తొచ్చిన నాడు ఊరికెనే పోతది."

భారతమ్మ మొహం ఎర్రబడింది.  తర్వాత, ఎందుకో, నవ్వింది. "నోరు లేదనుకున్నాను నీకు. సరే. పదమూడు గుడ్లు. పుంజు లేని గుడ్లిస్తే ఊరుకోను సుమా, పొదగేసుకునేవి కావాలి నాకు."

"పుంజు మా మంగ్లిది ఉన్నది. అది తండా అంత తిరుగుతది."

"మా ఆయన లెక్కనే!" కంచె అవతలినుంచి మంగ్లి కేకేసింది. ఎప్పటినుంచి వింటోందో.

భారతమ్మ గంప చంకనెత్తుకుని లేచింది. కంచె దాకా పోయి వెనక్కి తిరిగింది. "నువ్వు తిండి పెడతావు, వేడి పెడతావు. బాగానే ఉంది. నేల గీరుకుని పురుగు ఏరుకోవడం ఎవరు నేర్పుతారే వాటికి? తల్లి లేని పిల్లలు గిన్నె దగ్గరే కూర్చుంటాయి చూడు." ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. జవాబు కోసం ఆగలేదు. ఆటో కదిలింది.

రాందాస్ తలగుడ్డ చుట్టుకున్నాడు. "రేపు మిరపతోటలకు రానిస్తరో లేదో."

"పోయి చూడు. రానియ్యకపోతే చెప్పు."

"చెప్తే ఏం జేస్తవ్?"

"ఏదో ఒకటి జేస్త," అంది బాలి.

అతను గొణుక్కుంటూ వెళ్లాడు. హేమలత అప్పటికే అంగన్‌వాడీకి పోయింది. మంగ్లి కూడా లోపలికి పోయినట్టుంది, చప్పుడు లేదు. వాకిలి ఖాళీ అయింది. నేల ఆరీ ఆరనట్టు మెత్తగా ఉంది.

బాలి గంప ఎత్తి పిల్లల్ని ఒక్కొక్కటే తీసి బయట మట్టిలో వదిలింది. అవి ఉన్నచోటే నిలబడ్డాయి. కింద పేపరు లేదు, గోడ లేదు. ఎటు పోవాలో తెలియక ఆమె పాదాల చుట్టూ చేరాయి.

ఆమె ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేరు. చీరె కాస్త పైకి దోపుకుంది. కుడికాలి వేళ్లతో నేలను ఒక్కసారి వెనక్కి గీరింది. మళ్లీ ఎడమకాలితో. మట్టి తిరగబడి, అందులో ఒక వానపాము మెలికలు తిరిగింది. బాలి నడుము వంచి, వేలితో దాని పక్కన టకటక కొట్టి, గొంతులోంచి నెమ్మదిగా, సిగ్గుపడుతూ, "కుక్కుక్కు" అంది.

ఎనిమిదీ ఒక్కసారి పరిగెత్తుకొచ్చాయి.